బీడీ కార్ఖానాకు అసలు యజమాని ఎవరు?



ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి వ్రాయమని మన సంఘం వారు అడిగినారు. కోటల గురించి, రాజుల గురించి వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను గుమస్తాగిరీ చేసి రిటైరైనవాడిని. నాకు తెలిసినది కాగితం. అందుచేత ఒక కాగితం చరిత్రనే మీ ముందు పెడుతున్నాను. అది బీడీ కార్ఖానా లైసెన్సు దరఖాస్తు. ఆ దరఖాస్తు వచ్చినప్పుడు అధికారి విచారించవలసిన సంగతులలో ఒకటి ఇది: ఈ వ్యాపారం నిజంగా నీదేనా, లేక నీ పేరు మీద మరొకరు నడుపుతున్నారా? ఇటువంటి లైసెన్సు పద్ధతే చెల్లదని బీడీ యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్లినారు. ఆ కథ మన ప్రాంతపు ఇండ్లల్లో పొయ్యి దాకా వచ్చిన కథ. మన ఇండ్లల్లో తల్లులు, అక్కచెల్లెండ్లు బీడీలు చుట్టిన పైసలతో చదువుకొని సర్కారు కొలువులో చేరినవారు ఎందరో ఉన్నారు. వారికి ఇది తెలియవలసిన సంగతి.

సేటు, టేకేదారు, చాట

మన ఖానాపూర్ 2016 అక్టోబరు వరకు ఆదిలాబాదు జిల్లా, ఆ తరువాత నిర్మల్ జిల్లా. ఒక దిక్కు గోదావరి, ఒక దిక్కు కడెం, వెనుక అడవి. ఎండాకాలంలో ఆ అడవిలో తునికాకు కోస్తారు. జంగలాత్ శాఖ కాగితాలలో దీనినే అబ్నూస్ ఆకు అని వ్రాస్తారు. 1971 నాటి చట్టంతో ఈ ఆకు వ్యాపారం రాష్ట్ర ప్రభుత్వం చేతిలోకి వచ్చినది. ఆకు అడవిది, తంబాకు బయటిది, చేతులు మాత్రం మన ఆడవారివి. నిర్మల్, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల, ఆర్మూరు, కామారెడ్డి ప్రాంతాలలో ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టే ఆడవారు లేని వాడ ఉండేది కాదు.

ఈ పనిలో మూడు మెట్లు ఉన్నాయి. పై మెట్టున బీడీ మార్కా ఉన్న కంపెనీ, అంటే సేటు. నడుమ టేకేదారు. కింద చుట్టే ఆడమనిషి. సేటు ఆకు, తంబాకు, దారం టేకేదారుకు ఇస్తాడు. టేకేదారు వాటిని ఇండ్లకు పంచుతాడు. చుట్టిన బీడీలు లెక్కబెట్టి తీసుకొని, బాగాలేనివి తీసివేసి, కార్ఖానాకు చేరుస్తాడు. అక్కడ బట్టీలో కాల్చి, లేబుల్ అంటించి, కట్టలు కడతారు. కూలి వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. టేకేదారుకు కమీషన్ కూడా వెయ్యి లెక్కనే.

అంతా సాఫీగా నడిచినన్నాళ్లు యజమాని ఎవరన్న ప్రశ్న రాదు. కూలి ఆగినప్పుడు, కార్ఖానా మూతబడినప్పుడు, మనిషి మంచాన పడినప్పుడు వస్తుంది. ఆడమనిషికి తెలిసినది టేకేదారు ఒక్కడే. ఆయనను అడిగితే, "నేను కమీషన్ మనిషిని, నా చేతిలో ఏమున్నది? సేటును అడుగమ్మా" అంటాడు. సేటును అడిగితే, "నేను టేకేదారు దగ్గర బీడీలు కొన్నాను. నువ్వు ఎవరో నాకు తెలియదు" అంటాడు. ఇద్దరి మాటా కాగితం మీద నిజమే. పని చేసిన మనిషి మాత్రం నడుమ గాలిలో వేలాడుతుంది.

కోర్టులలో మొదటి రెండు మలుపులు

1948 ఫ్యాక్టరీల చట్టం కరెంటు యంత్రం లేని చోట ఇరవై మంది, ఉన్న చోట పది మంది పనిచేస్తేనే వర్తించేది. బీడీకి యంత్రం అక్కరలేదు. పెద్ద కార్ఖానాను చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్కరి పేరు మీద పెడితే ఆ చట్టం దాని దరిదాపులకు వచ్చేది కాదు. దేశమంతటా జరిగినది అదే.

1958లో మధ్యప్రదేశ్‌లోని సాగర్ పట్టణపు బీడీ కార్ఖానా కేసు సుప్రీంకోర్టులో తేలినది. దీనిని చింతామణ్ రావు కేసు అంటారు. ఇన్‌స్పెక్టరు కార్ఖానాకు వెళ్లినప్పుడు అక్కడ బీడీలు అప్పగించడానికి వచ్చిన మనుషులు కనిపించినారు. వారి పేర్లు రిజిస్టరులో లేవని కేసు పెట్టినారు. మన టేకేదార్ల వంటివారిని అక్కడ సట్టేదార్లు అంటారు. వారు స్వతంత్రంగా కాంట్రాక్టు చేసుకున్నవారే గాని కార్ఖానా మనుషులు కారు, వారి కూలీలు కూడా కారు అని కోర్టు తేల్చినది. కేసు యజమానుల వైపు పోయినది.

ఆరేండ్లకు, 1964 ఏప్రిల్‌లో, మద్రాసు రాష్ట్రపు బీడీ కంపెనీల కేసు వచ్చినది. దీవాన్ మొహిదీన్ సాహెబ్ అండ్ సన్స్ కేసు అని దీనికి పేరు. అక్కడ కూడా కంపెనీకీ నడుమ మనిషికీ వ్రాతపూర్వకమైన ఒప్పందాలు ఉన్నాయి. నడుమ మనిషి స్వతంత్ర వ్యాపారి అని వాటిలో వ్రాసుకున్నారు. ఈసారి సుప్రీంకోర్టు ఒప్పంద పత్రం దగ్గర ఆగలేదు. ఆకు ఎవరిది, తంబాకు ఎవరిది, పెట్టుబడి ఎవరిది, ధర ఎవరు పెడతారు అని అడిగినది. నడుమ మనిషి నిరుపేద, కంపెనీ చెప్పినట్టు చేయడం తప్ప అతనికి స్వతంత్రం ఏమీ లేదు, కనుక ఆ కార్మికులు కంపెనీ కార్మికులే అని తీర్పు చెప్పినది.

రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ప్రతిసారీ కోర్టుకు వెళ్లి నిజమైన యజమానిని వెతుక్కోవలసి వచ్చినది. బీడీ చుట్టే ఆడమనిషి ఎన్నిసార్లు సుప్రీంకోర్టుకు వెళ్లగలదు? అందుకని ఆ ప్రశ్నను మొదటనే, లైసెన్సు ఇచ్చేటప్పుడే అడగాలన్న ఆలోచన చట్టంలోకి వచ్చినది.

1966 చట్టం

మద్రాసు రాష్ట్రం 1958లో, కేరళ 1961లో బీడీ పనికి సొంత చట్టాలు చేసినాయి. ఒక రాష్ట్రంలో చట్టం చేస్తే పరిశ్రమ పక్క రాష్ట్రానికి తరలిపోవడం మొదలైనది. ఇక పార్లమెంటే పూనుకొని బీడీ, చుట్ట కార్మికుల చట్టం చేసినది. 1966 నవంబరు 30న దానికి రాష్ట్రపతి ఆమోదం లభించినది. యజమానులు తమ వ్యాపారాన్ని ముక్కలు చేసి ఫ్యాక్టరీల చట్టం నుండి తప్పించుకుంటున్నారన్న సంగతిని ఆ బిల్లు ఉద్దేశాలలోనే వ్రాసినారు.

ఈ చట్టంలో రెండు చోట్లను గుర్తు పెట్టుకోవాలి. మొదటిది, యజమాని అన్న మాటకు ఇచ్చిన అర్థం. బోర్డు మీద ఎవరి పేరు ఉన్నదో వారే యజమాని అని చట్టం అనలేదు. వ్యాపారం మీద చివరి పెత్తనం ఎవరిదో వారు, అప్పు ఇచ్చి గాని సరుకు ఇచ్చి గాని మరో రకంగా గాని ఆ వ్యాపారాన్ని శాసించే వారు యజమానులే అన్నది. కాంట్రాక్టు కూలీల విషయంలో, ఎవరి కోసం ఆ కూలీలను పెట్టినారో వారే అసలు యజమాని అన్నది.

రెండవది లైసెన్సు. లైసెన్సు లేకుండా బీడీ కార్ఖానా నడపరాదు. దరఖాస్తులో ఎంతమంది పనిచేస్తారో చెప్పాలి, జాగా నక్షా జత చేయాలి. ఆ చట్టం కింద లైసెన్సు ఆ ఆర్థిక సంవత్సరానికే చెల్లేది. మళ్లీ కావాలంటే గడువుకు ముప్పయి రోజుల ముందు దరఖాస్తు పెట్టవలసి ఉండేది. అధికారి చూడవలసినవి ఇవి: జాగా తగినదా, దరఖాస్తుదారుకు అనుభవం ఉన్నదా, కార్మికుల బాధ్యత మోయగల స్తోమత ఉన్నదా, దరఖాస్తు నిజంగా తన కోసమే పెట్టినాడా లేక మరొకరికి బినామీగా పెట్టినాడా. బినామీ అన్న మాటను చట్టం ఆ మాటతోనే వ్రాసినది. అధికారి నిరాకరిస్తే అప్పీలు చేసుకొనవచ్చును.

మంగళూరు గణేశ్ బీడీ కేసు

యజమానులు ఊరుకోలేదు. పలు రాష్ట్రాల హైకోర్టులలో ఈ చట్టం మీద కేసులు పడినాయి. అన్నీ కలిసి సుప్రీంకోర్టుకు చేరినాయి. మంగళూరు గణేశ్ బీడీ వర్క్స్ పేరు మీద ఉన్న ఆ కేసులో 1974 జనవరి 31న తీర్పు వచ్చినది.

యజమానుల వాదన ఏమిటి? లైసెన్సు పేరుతో అధికారి చేతికి ఇష్టారాజ్యం ఇచ్చినారు. మాకు ముఖం కూడా తెలియని టేకేదారు కూలీల భారం మా మీద వేసినారు. ఇంట్లో కూర్చొని తీరికగా చుట్టే ఆడవారికి సెలవు జీతం ఎట్లా లెక్క కట్టాలి? రాజ్యాంగం 19వ అధికరణం వ్యాపారం చేసుకొనే స్వేచ్ఛ ఇచ్చినది, ఈ చట్టం దానిని హరిస్తున్నది. ఇదీ వారి వాదన. ఇందులో న్యాయం లేదని అనలేము. సంవత్సరం సంవత్సరం లైసెన్సు కొత్తది చేయించుకోవడం, నక్షాలు, ఫారాలు, ఆఫీసుల చుట్టూ తిరగడం చిన్నవానికి ఎంత కష్టమో బల్లకు ఇవతల కూర్చున్న మనకు తెలియనిది కాదు.

సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టినది. అధికారి ఏమి చూడాలో చట్టంలోనే ఉన్నది, పైన అప్పీలు ఉన్నది, కాబట్టి ఇష్టారాజ్యం అనడానికి వీలు లేదన్నది. కార్మికుల మేలు కోసం పెట్టిన ఈ కట్టుబాట్లు సమంజసమైనవే అన్నది. అసలు యజమాని సంగతిని కూడా విడమరచి చెప్పినది. సేటు నేరుగా మనుషులను పెట్టుకుంటే సేటే యజమాని. సేటు కోసం టేకేదారు మనుషులను పెడితే అప్పుడు కూడా సేటే. టేకేదారు తన సొంతానికి మనుషులను పెట్టుకొని, తయారైన సరుకు సేటుకు అమ్మితే, ఆ మనుషులకు టేకేదారే యజమాని, సేటుకు బాధ్యత లేదు.

ఈ మూడు ముక్కలలో టేకేదారుకు కూడా రక్షణ ఉన్నది. టేకేదారు పెద్ద ఆస్తిపరుడేమీ కాడు. వెయ్యికి వచ్చే కమీషన్ మీద బతికేవాడు. అసలు యజమాని పేరు కాగితం మీద లేకపోతే, కూలి బాకీ, పీఎఫ్ బాకీ వచ్చి అతని మెడకే చుట్టుకుంటాయి. పేరు బయటపెట్టమనే నియమం చిన్నవాని మీద బరువుగా కనిపిస్తుంది గాని, పెద్దవాని బరువు చిన్నవాని మీద పడకుండా ఆపేది కూడా అదే.

పీఎఫ్, పెన్షను

1977లో బీడీ పరిశ్రమకు భవిష్యనిధి చట్టం వర్తింపజేసినారు. ఇంటి దగ్గర చుట్టేవారు మా కార్మికులు కారు అని యజమానులు మళ్లీ కోర్టుకు వెళ్లినారు. 1985లో పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. బీడీలు తెచ్చినప్పుడు బాగున్నవి తీసుకొని బాగాలేనివి తీసివేసే అధికారం కంపెనీకి ఉన్నప్పుడు, పని మీద పెత్తనం కంపెనీదే, ఇంట్లో చుట్టినా కార్మికులే అన్నది.

మనకు సర్వీసు రిజిస్టరు ఉన్నది. ఎప్పుడు చేరినామో, ఎన్ని ఇంక్రిమెంట్లు వచ్చినాయో, ఎప్పుడు దిగిపోయినామో అందులో ఉంటుంది. దాని బలంతోనే నెల తిరిగేసరికి పెన్షను వస్తున్నది. బీడీ చుట్టే ఆడమనిషికి సర్వీసు రిజిస్టరు ఆ పీఎఫ్ ఖాతానే. 1995 నాటి పెన్షను పథకం కింద నెలనెలా పెన్షను రావాలంటే పదేండ్ల సర్వీసు కాగితం మీద కనపడాలి. దానిలో కనీస పెన్షను 2014 సెప్టెంబరు నుండి వెయ్యి రూపాయలు. తెలంగాణ వచ్చిన తరువాత రాష్ట్ర ప్రభుత్వం 2015లో బీడీ కార్మికులకు వెయ్యి రూపాయల జీవన భృతి ఇచ్చి, 2019లో దానిని 2016 రూపాయలు చేసినది. ఆ భృతికి కూడా పీఎఫ్ ఖాతానే ఆధారంగా పెట్టినారు. యజమాని పేరు ఖరారు కాకుంటే పీఎఫ్ లేదు. పీఎఫ్ లేకుంటే భృతి లేదు. 1966లో లైసెన్సు ఫారం వెనుక వేసిన ప్రశ్న యాభై ఏండ్లకు ఒక ముసలమ్మ చేతిలో రెండు వేల రూపాయలుగా తేలినది.

ఇక్కడ మన ఇండ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. ఒకరి పేరు మీద తల్లి, బిడ్డ, కోడలు ముగ్గురూ చుట్టడం మన దగ్గర తెలిసినదే. ఖాతా ఒక్కరిదే, మిగతా ఇద్దరి కష్టం కాగితం మీద లేదు. యజమాని దిక్కు బినామీ ఉన్నట్టే కూలి దిక్కు కూడా బినామీ ఉన్నది. పై బినామీతో సేటుకు లాభం. కింది బినామీతో కోడలికి నష్టం.

నియమం హద్దు దాటినప్పుడు

పేరు చెప్పమనే నియమాలన్నిటినీ కోర్టులు కళ్లు మూసుకొని ఒప్పుకున్నాయని కాదు. ఇద్దరు ముగ్గురు కలిసి పెట్టుకునే భాగస్వామ్య వ్యాపారం తీసుకోండి. 1932 నాటి భాగస్వామ్య చట్టం మన హైదరాబాదు రాష్ట్రానికి 1951లో వచ్చినది. దాని ప్రకారం సంస్థ పేరు, భాగస్వాముల పేర్లు, చిరునామాలు, చేరిన తేదీలు రిజిస్ట్రారుకు ఇవ్వవచ్చును. ఇవ్వకపోతే జుర్మానా లేదు గాని, 69వ సెక్షను ప్రకారం ఆ సంస్థ తనకు రావలసిన బాకీ కోసం బయటివారి మీద దావా వేయలేదు.

మహారాష్ట్ర 1984లో ఇంకొక మెట్టు ముందుకు పోయినది. రిజిస్టరు కాని సంస్థలో భాగస్వామి సంస్థను రద్దు చేయమని, తన వాటా లెక్క తేల్చమని కూడా దావా వేయరాదని సవరణ చేసినది. 2009లో సుబ్రమణ్యం కేసులో సుప్రీంకోర్టు ఆ సవరణను కొట్టివేసినది. ఫారం ఇవ్వలేదని మనిషి సొంత సొమ్మే పోగొట్టడం న్యాయం కాదన్నది.

బినామీ చట్టం కథ కూడా ఇటువంటిదే. 1988లో చట్టం వచ్చినది. 2016లో దానిని గట్టిగా సవరించి, ఆ ఏడు నవంబరు 1 నుండి అమలు చేసినారు. పాత లావాదేవీలకు కొత్త శిక్షలు వేయరాదని 2022 ఆగస్టులో, మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నప్పుడు, సుప్రీంకోర్టు చెప్పినది. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టే ఆ తీర్పును వెనుకకు తీసుకొని, కేసు మళ్లీ వినాలన్నది.

అమెరికాలో అదే ప్రశ్న

మన పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు. కొందరు అక్కడ చిన్న కంపెనీలు పెట్టుకున్నారు. వారికి కూడా ఈ ప్రశ్న ఎదురైనది. అక్కడ 2021 జనవరి 1న చట్టమైన కార్పొరేట్ ట్రాన్స్‌పరెన్సీ యాక్ట్ ప్రకారం, చిన్న కంపెనీలు తమ మీద నిజమైన పెత్తనం ఎవరిదో, 25 శాతం గాని అంతకు మించి గాని వాటా ఎవరిదో ఖజానా శాఖకు తెలపాలి. ఇరవై మందికి మించి ఉద్యోగులు, యాభై లక్షల డాలర్లకు మించి రాబడి ఉన్న పెద్ద కంపెనీలకు మినహాయింపు ఇచ్చినారు. 2024 జనవరి 1 నుండి అమలు మొదలైనది. చెప్పకపోతే రోజుకు ఇంత అని జుర్మానా, జైలు కూడా.

అక్కడి చిన్న వ్యాపారులు కోర్టుకు వెళ్లినారు. 2024 మార్చి 1న అలబామాలోని ఒక ఫెడరల్ జడ్జి ఆ చట్టం రాజ్యాంగానికి విరుద్ధం అన్నారు. డిసెంబరు 3న టెక్సాస్‌లో ఇంకొక జడ్జి దేశమంతటా అమలు ఆపినారు. 2025 జనవరి 23న సుప్రీంకోర్టు ఆ ఆపుదలను పక్కన పెట్టినది. రెండు నెలలకు, మార్చిలో, ప్రభుత్వమే తమ దేశంలో ఏర్పడిన కంపెనీలకు ఈ బాధ్యత లేదని కొత్త నియమం తెచ్చినది. ఏడాది పాటు ఫారం ఇవ్వాలా వద్దా అని మన పిల్లలు ఆడిటర్లకు ఫోన్లు చేస్తూ ఉండిపోయినారు.

పెత్తనం ఎవరిదో వారే యజమాని అన్న మాట అమెరికావారి ఈ చట్టంలోకి 2021లో వచ్చినది. మన బీడీ కార్ఖానాకు 1966లోనే వచ్చినది. అయితే ఒక తేడా ఉన్నది. అక్కడ దొంగ సొమ్మును పట్టుకోవడం కోసం పేరు అడిగినారు. ఇక్కడ కూలి మనిషికి దిక్కు చూపడం కోసం అడిగినారు. ఎవరికి మేలు జరుగుతుందో కళ్లకు కనపడే నియమం కోర్టులో నిలిచినది. నిలవడమే కాదు, దాని ఫలం ఇంటి దాకా వచ్చినది.

చివరగా

1966 చట్టాన్ని 2020లో పార్లమెంటు చేసిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లో కలిపినారు. 2025 నవంబరు 21 నుండి ఆ కోడ్ అమలులోకి వచ్చినది. బీడీ, చుట్ట కార్ఖానాలకు లైసెన్సు సంగతి అందులో కూడా ఉన్నది. చట్టం పేరు మారినా ప్రశ్న పోలేదు.

మన సభ్యులకు నా మనవి ఒక్కటే. మీ ఇంట్లో, మీ వాడలో బీడీలు చుట్టిన ఆడవారు ఉంటే, వారి పీఎఫ్ ఖాతాలో పేరు, పుట్టిన తేదీ, ఆధార్ కార్డులో ఉన్నట్టే ఉన్నాయా, ఏ కంపెనీ పేరు మీద ఎన్నేండ్ల సర్వీసు నమోదైనది, నామినీగా ఎవరిని వ్రాసినారు అన్న నాలుగు సంగతులు చూసిపెట్టండి. కాగితం చదవడం మనకు వచ్చిన విద్య. కొలువులో ఉన్నప్పుడు జీతం కోసం చదివినాము. ఇప్పుడు మరొకరి పెన్షను కోసం చదివితే పోయేదేమీ లేదు.

— ఒక విశ్రాంత గుమస్తా, ఖానాపూర్